కాలిందా, చిరిగిందా?
అతిమోతకు దెబ్బతినే స్పీకర్లపై ఒక సమీక్ష

జూలై 4న అల్లూరి జయంతి, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం, ఆపైన వినాయక చవితి, డిసెంబరులో క్రిస్మస్, చైత్రంలో ఇటుకల పండగ. మధ్యలో పెళ్లిళ్లు, జాతరలు, ఎన్నికలు. రాజవొమ్మంగి ఏజెన్సీలో మైకు సెట్టుకు ఏడాదంతా పనే. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. అలాంటి ఊళ్లో జయంతి సభ మైకు లేకుండా జరగదు. కానీ ప్రతి పెద్ద కార్యక్రమం తర్వాతా మైకు సెట్లవాళ్లకు ఒకే దిగులు: రాత్రి మోగిన బాక్సు తెల్లారేసరికి గరగరమంటుంది, లేదా అసలు నోరు విప్పదు.

ఎందుకు పోయిందని అడిగితే జవాబులు మాత్రం ఒకటి కావు. ఆంప్లిఫైరు పెద్దదైపోయిందని ఒకరు, చిన్నదైపోయిందని మరొకరు, కాయిల్ డూప్లికేటని ఇంకొకరు చెబుతారు. ఈ తగువు ఏజెన్సీకే పరిమితం కాదు. ప్రపంచమంతటా సౌండ్ ఇంజనీర్లు దశాబ్దాలుగా దీనిమీదే వాదులాడుకుంటున్నారు. ఎవరి మాట ఎంతవరకు నిజం, ఏది ఇంకా తేలలేదు, చేతిలో ఒక మల్టీమీటరు మాత్రమే ఉన్న మెకానిక్ ఎంతదాకా తేల్చగలడు అన్నవి ఈ వ్యాసం చూసే ప్రశ్నలు.

వాట్లు చవకయ్యాక మొదలైన తగువు

తీగచుట్ట కదిలి ధ్వని పుట్టించే స్పీకరుకు వందేళ్లు దాటాయి. అమెరికాలో జెన్సెన్, ప్రిడమ్ 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో బహిరంగ సభకు లౌడ్ స్పీకరు వినిపించారు. నేటి కోన్ స్పీకరుకు మూలరూపాన్ని 1925లో రైస్, కెలాగ్ ప్రకటించారు. ఆనాటి వాల్వు ఆంప్లిఫైర్ల శక్తి కొద్ది వాట్లే. ఆ కొద్ది వాట్లకే హారన్లు ఊరంతా వినిపించేవి. మన దేశంలో 1940లో మొదలైన అహుజా వంటి కంపెనీల హారన్లు పల్లెలకు చేరాక, తెలుగువాళ్లకు 'మైకు' అంటే చేతిలో పట్టుకునేది కాదు, చెట్టుకు కట్టే హారనే అయింది. అప్పుడు హారన్ లోపలి యూనిట్ పోయినా డయాఫ్రం మార్చేస్తే సరిపోయేది.

ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక తగువు ముదిరింది. స్పీకరు ఎంత తట్టుకుంటుందో కొలవడానికి ఒక పద్ధతి కావలసి వచ్చింది. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970ల ఆరంభంలో రిచర్డ్ స్మాల్ బాక్సుకూ స్పీకరుకూ పొంతన లెక్కగట్టే సూత్రాలు ఇచ్చారు. అయితే అవి తక్కువ మోతకు వర్తించే లెక్కలు. కోన్ హద్దు దాటి ఊగేటప్పుడు ఏం జరుగుతుందో కొలిచే పద్ధతులను తర్వాతి తరంలో జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ క్లిపెల్ వంటివారు అభివృద్ధి చేశారు. ఈలోగా బజారులో 'పీఎంపీఓ' పేరిట వేల వాట్ల అంకెలు అట్టపెట్టెలకెక్కాయి. వాటికి ఏ ప్రమాణమూ లేదు.

చావుకు రెండు దారులు

వాదాల్లోకి వెళ్లే ముందు ఒప్పుకోలు ఉన్న భాగాన్ని విడిగా చూడాలి. అతిమోతకు స్పీకరు రెండు విధాలుగా చస్తుంది.

మొదటిది కాలడం. మామూలు కోన్ స్పీకరు తనకిచ్చిన కరెంటులో ధ్వనిగా మార్చేది కొద్ది శాతమే. మిగతాదంతా వాయిస్ కాయిల్‌లో వేడి అవుతుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. అంటే కాయిల్ ఉష్ణోగ్రత 250 డిగ్రీలు పెరిగితే నిరోధం దాదాపు రెట్టింపై, అదే ఓల్టేజీకి స్పీకరు తీసుకునే శక్తి సగానికి పడిపోతుంది. మోత తగ్గిందనుకుని ఆపరేటరు నాబ్ ఇంకా తిప్పుతాడు. అప్పుడు తీగ మీది వార్నిషు మాడుతుంది, గమ్ వదులుతుంది, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి లేదా తీగ తెగిపోతుంది.

రెండోది చిరగడం. ఇది వేడి పని కాదు, ఊపు పని. అదే మోత కావాలంటే ధ్వని స్థాయి (ఫ్రీక్వెన్సీ) సగానికి దిగిన ప్రతిసారీ కోన్ 4 రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 80 హెర్ట్జ్ దగ్గర హాయిగా ఉన్న కోన్ 40 హెర్ట్జ్ దగ్గర హద్దు దాటుతుంది. కాయిల్ వెనక పలకకు కొట్టుకుని చివర నలుగుతుంది, కాయిల్‌ను నడుమ నిలిపే స్పైడర్ ఊడుతుంది, కోన్‌కు వెళ్లే జడతీగ తెగుతుంది, అంచు చిరుగుతుంది. ఒక్క క్షణం చాలు. మైకు కింద పడ్డా, ఆంప్లిఫైరు ఆన్‌లో ఉండగా పిన్ను పీకినా, ఆ 'ధబ్' శబ్దం ఈ పని చేయగలదు.

కాలడానికి సగటు శక్తి కారణం, అది ఎంతసేపు సాగిందన్నది కారణం. చిరగడానికి క్షణకాలపు శిఖరం, కింది స్థాయి కారణం. తగువు చాలామటుకు ఈ రెంటినీ ఒకటిగా కలిపేయడం వల్లే పుట్టింది.

మూడు వాదాలు

*చిన్న ఆంప్లిఫైరే చంపుతుందనే వాదం.* మెకానిక్‌లలో దీనికే బలం ఎక్కువ. చిన్న ఆంప్లిఫైరును గట్టిగా తిప్పితే అలల శిఖరాలు తెగి చదునవుతాయి. దాన్నే క్లిప్ అంటారు. ఆ చదును భాగం 'డీసీ' కాబట్టి కాయిల్ కాలుతుందనీ, తెగిన అలలో పుట్టే పై స్థాయి శబ్దాలు ట్వీటరును (ఆ శబ్దాలు పలికే చిన్న స్పీకరును) కాలుస్తాయనీ ఈ వాదం చెబుతుంది.

ఇందులో డీసీ మాట నిలవదు. పైనా కిందా సమానంగా తెగిన అలలో డీసీ ఉండదు. ఆంప్లిఫైరు ఔట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్టయితే వచ్చేది నిజమైన డీసీ. అది వేరే రోగం. పై స్థాయి శబ్దాల మాటను లెక్క కొంతే సమర్థిస్తుంది. పూర్తిగా చతురస్రమైన అలలో 81 శాతం శక్తి మూలస్థాయిలోనే ఉంటుంది, దాని 3 రెట్ల స్థాయిలో 9 శాతం. 100 హెర్ట్జ్ బేస్ అల చతురస్రమైనా, 3,000 హెర్ట్జ్ దాటి ట్వీటరుకు చేరేది ఒకటిన్నర శాతం లోపే. మరి క్లిప్పయినప్పుడు ట్వీటర్లు పోవడం నిజమే కదా? రేన్ కంపెనీ తరఫున రాసిన మాంటీ రాస్ దీనికి చెప్పిన కారణం బాగా నిలిచింది. నాబ్ తిప్పేకొద్దీ బేస్ తెగిపోయి అక్కడే ఆగుతుంది, పై స్థాయి శబ్దాలు మాత్రం పెరుగుతూనే పోతాయి. ట్వీటరు కాలేది బేస్ పిల్లలను కన్నందుకు కాదు, బేస్ ఆగినా తాను ఆగనందుకు.

*పెద్ద ఆంప్లిఫైరే చంపుతుందనే వాదం.* ఇది సూటిగా ఉంటుంది. ఎక్కువ వాట్లు ఇస్తే ఎక్కువ వేడి, ఎక్కువ ఊపు. క్లిప్ అన్నది గుర్తు మాత్రమే, చంపేది శక్తే. కాబట్టి స్పీకరు వాట్లను మించిన ఆంప్లిఫైరు వద్దంటారు. బేస్ బాక్సుల విషయంలో, కోన్ చిరిగిన కేసుల్లో ఈ వాదం గెలుస్తుంది. కానీ సరిపోని ఆంప్లిఫైరుతో ట్వీటర్లు వరసగా ఎందుకు పోతాయో ఇది చెప్పలేదు.

*ఆంప్లిఫైరు పరిమాణం కాదు, వినిపించే పాటే అసలు సంగతి అనే వాదం.* 100 వాట్ల ఆంప్లిఫైరును తీసుకుందాం. ఎత్తుపల్లాలు బాగా ఉన్న పాటను క్లిప్ అంచుదాకా వినిపిస్తే సగటున వెళ్లేది ఎనిమిదో వంతు, అంటే 12.5 వాట్లే. శిఖరాలకూ సగటుకూ తేడా చెరిపేసి, అణచి దట్టంగా చేసిన డీజే రీమిక్స్‌ను అదే అంచుదాకా వినిపిస్తే 50 వాట్లు వెళ్లగలవు. పూర్తిగా క్లిప్పయి అల చతురస్రమైతే 200 వాట్లు. ఆంప్లిఫైరు మీద రాసిన వాట్లు ఒకటే, కాయిల్ మీద భారం 16 రెట్లు మారింది. ఈ లెక్క ముందు మొదటి రెండు వాదాలూ అర్ధసత్యాలుగా మిగులుతాయి. ఆంప్లిఫైరు స్పీకరు వాట్లకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలనే పాత సలహా ఎత్తుపల్లాలున్న సంగీతానికి నప్పుతుంది, రాత్రంతా సాగే దట్టమైన బేస్‌కు నప్పదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇది:

- చిన్న ఆంప్లిఫైరు వాదం: క్రాసోవరున్న (బేస్‌కూ ట్వీటరుకూ ధ్వనిని విడదీసి పంచే) బాక్సులో ట్వీటర్ల వరకు చెల్లుతుంది. డీసీ కారణం తప్పు.
- పెద్ద ఆంప్లిఫైరు వాదం: బేస్ స్పీకర్లకు, చిరిగిన వాటికి చెల్లుతుంది. ట్వీటర్ల లెక్క తేల్చదు.
- పాట స్వభావం వాదం: రెంటినీ కలుపుతుంది. కానీ ఆపరేటరు చెవితో సగటు శక్తిని కొలవలేడు, దానికి పరికరం కావాలి.

కొండ ఊరు ఏం కలుపుతుంది

ఏజెన్సీలో ఈ తగువుకు మరికొన్ని చిక్కులు తోడవుతాయి. మొదటిది ఆరుబయలు. హాల్లో గోడలు ధ్వనిని తిప్పి పంపుతాయి. సంత మైదానంలో ఆ సాయం లేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ మోత 6 డెసిబెల్స్ పడిపోతుంది. వెనకవాళ్లకు వినపడట్లేదని నాబ్ తిప్పుతారు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది అంతంత మాత్రం. మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 రెట్ల శక్తి కావాలి. కాబట్టి ఉన్న బాక్సును ఇంకా తిప్పడంలో దక్కేది పిసరంత, పోగొట్టుకునేది స్పీకరంత. ఇంకో బాక్సు మధ్యలో పెట్టడమో, బాక్సును ఎత్తుగా కట్టడమో దీనికి మందు.

రెండోది కరెంటు. సాదా ట్రాన్స్‌ఫార్మరున్న ఆంప్లిఫైరుకు 230 ఓల్టులకు బదులు 180 ఓల్టులే అందితే, క్లిప్పవకుండా ఇవ్వగల శక్తి సుమారు 60 శాతానికి దిగిపోతుంది. నిన్న సరిపోయిన నాబ్ స్థానమే ఈ రాత్రి క్లిప్ అవుతుంది. చిన్న జనరేటరు మీద లోడు పెరిగినా ఇదే కథ. చిన్న ఆంప్లిఫైరు వాదానికి ఏజెన్సీలో అంత పలుకుబడి ఎందుకో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

మూడోది దారి, తేమ. ఘాటు రోడ్డు మీద ఆటోలో ఎగిరిపడిన బాక్సులో కాయిల్ పక్కకు ఒరగవచ్చు. వానకాలంలో కాగితపు కోన్ మెత్తబడుతుంది, మాగ్నెట్ సందులో తుప్పు చేరుతుంది. ఈ మూడింటి గరగరా, అతిమోత దెబ్బ గరగరా చెవికి ఒకేలా ఉంటాయి. గరగరమన్న ప్రతి స్పీకరునూ 'ఎక్కువ పెట్టి పాడుచేశారు' అనడం అందుకే తొందరపాటు.

నాలుగోది హారన్‌తో బేస్ పాటలు వేయడం. చాటింపు హారన్ మనిషి గొంతు కోసం తయారైంది. దాని హద్దు కన్నా కింది స్థాయి శబ్దం వస్తే, హారన్ గాలి బరువు లేక లోపలి డయాఫ్రం అదుపు తప్పి ఊగుతుంది. పాటలకు బేస్ తగ్గించకపోతే యూనిట్ చిరిగే దారిలో పోతుంది.

ఆనవాళ్లు చూసి తేల్చే క్రమం

పోయిందనుకున్న స్పీకరును విప్పే ముందు చౌకైన అనుమానాలు తీర్చుకోవాలి. అదే వైరు, అదే ఆంప్లిఫైరు ఛానల్ మీద బాగున్న బాక్సు పెట్టి చూస్తే సగం కేసులు స్పీకరు జోలికి పోకుండానే తేలవచ్చు. స్పీకరు కాలి ఉంటే, కొత్తది తగిలించేముందు ఆంప్లిఫైరు ఔట్‌పుట్‌లో పాట లేకుండా డీసీ కొలవాలి. మిల్లీవోల్టుల్లో ఉంటే ఫర్వాలేదు, వోల్టుల్లో ఉంటే కొత్త కాయిల్ కూడా బలే.

తర్వాత మీటరు. 8 ఓమ్‌ల స్పీకరు మీటరు మీద సుమారు 6 ఓమ్‌లు, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 చూపడం సహజం. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. బాక్సు వెనక పిన్నుల దగ్గర కొలిస్తే ట్వీటరు కనిపించదు, దాని ముందు కెపాసిటరు అడ్డు ఉంటుంది. 100 ఓల్టుల లైను హారన్‌లో మీటరు చూపేది ట్రాన్స్‌ఫార్మరును, కాయిల్‌ను కాదు. రెండుచోట్లా యూనిట్‌ను విడదీసే కొలవాలి.

మీటరు సరిగ్గా ఉందంటే స్పీకరు బాగుందని కాదు. ఆ తర్వాత చేయి పని చేయాలి. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను నాలుగువైపులా సమంగా, మెల్లగా నొక్కి వదలాలి. గీసుకున్న చప్పుడు, ఇసుక రాపిడి తగిలితే కాయిల్ వంగిందో ఒరిగిందో, సందులో తుప్పు ఉందో. ఆపైన చెవి: ఫోనులోంచి శుద్ధమైన ఈల లాంటి ధ్వనిని తక్కువ మోతలో పెట్టి, బాక్సు పరిధిలో కిందనుంచి పైకి మెల్లగా పోనివ్వాలి. పాటలో దాగిపోయే జీర ఇందులో దొరుకుతుంది. చివరగా ముక్కు. మాడిన వార్నిషు వాసన అబద్ధమాడదు.

విప్పిన కాయిల్ చాలా చెబుతుంది:

- ఆ కొస నుంచి ఈ కొస దాకా సమంగా నల్లబడితే: చాలాసేపు సాగిన అధిక సగటు శక్తి. క్లిప్ లేదా దట్టమైన పాటలు.
- ఒక పక్క కొసే మాడితే: కాయిల్ సందు బయటికి నెట్టబడి అక్కడే నిలిచింది. ఆంప్లిఫైరు డీసీని అనుమానించాలి.
- తీగ శుభ్రంగా ఉండి, వెనక కొస నలిగితే: వెనక పలకకు కొట్టుకుంది. కింది స్థాయిల కోత లేదు.
- తీగ మెరుస్తూ ఉండి జడతీగ తెగితే: అతి ఊపు, లేదా ఏళ్ల తరబడి నలిగిన అలసట.
- ఒకే పక్క గీతలు: ఒరుగు. ప్రయాణపు దెబ్బ, తుప్పు, సరిగా కూర్చోని రీకోన్ (కొత్తగా మార్చిన కాయిల్, కోన్).
- ట్వీటర్లు మాత్రమే పోయి బేస్ బాగుంటే: క్లిప్, లేదా ఫీడ్‌బ్యాక్ కూత.

మరో మెలిక ఉంది. ఆంప్లిఫైరు మీద ఎర్ర లైటు వెలగలేదు కాబట్టి క్లిప్ లేదనుకోకూడదు. మిక్సర్‌లోనే ధ్వని చదునైపోతే, ఆంప్లిఫైరు ఆ చదునైన అలనే నిబ్బరంగా పెద్దది చేసి పంపుతుంది. లైటు వెలగదు, కాయిల్ మాత్రం వెలుగుతుంది.

ఇంకా తేలనివి

స్పీకరు తట్టుకునే శక్తి అంటే ఏమిటన్నదే మొదటి చిక్కు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ (ఏఈఎస్) 1984 ప్రమాణం స్పీకరుకు 2 గంటలు నాయిస్ వినిపించి, లక్షణాలు 10 శాతానికి మించి శాశ్వతంగా మారకపోతే పాసంటుంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) ప్రమాణంలో నాయిస్ పరీక్ష 100 గంటలు. రెండూ నిజాయితీగా కొలిచిన అంకెలే, కానీ పోల్చడానికి వీల్లేనివి. రాత్రంతా ఒకే తీరున దంచే బేస్ ఈ రెండు పరీక్షల్లోనూ లేదు.

రెండోది సగం చచ్చిన స్పీకర్లు. ఇవి మోగుతాయి, మీటరుకు దొరకవు, కానీ వెనకటి పస ఉండదు. గమ్ కొంత వదిలిందా, స్పైడర్ మెత్తబడిందా, మాగ్నెట్ బలం తగ్గిందా? ఫెరైట్ మాగ్నెట్ వేడికి కోల్పోయే బలం చల్లారాక చాలామటుకు తిరిగి వస్తుంది. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే కొంత శాశ్వతంగా కోల్పోగలదు. లేబొరేటరీలో ఇవన్నీ కొలవవచ్చు. టెంట్ హౌస్ గదిలో నమ్మకంగా తేల్చే పద్ధతి ఇంకా రాలేదు. అదే రకం బాగున్న స్పీకరును పక్కన పెట్టి వినడమే ఇప్పటికి దారి.

మూడోది రీకోన్ నాణ్యత. తీగ మందం, చుట్ల సంఖ్య, గమ్ రకం మారితే స్పీకరు అదే పేరుతో వేరేది అవుతుంది. కంపెనీ కిట్టే వాడాలనేవారికీ, మంచి పనివాడి చేతి చుట్ట చాలనేవారికీ మధ్య వాదన సాగుతూనే ఉంది. రీకోన్ చేసిన స్పీకరును జతలోని పాతదానితో మీటరు మీదా, ఈల పరీక్షలోనూ పోల్చితే కనీసం తేడా ఎంతో తెలుస్తుంది.

నాలుగోది లిమిటర్. క్షణికపు శిఖరాన్ని ఆపే లిమిటర్ కోన్‌ను కాపాడుతుంది, సగటును ఆపేది కాయిల్‌ను కాపాడుతుంది. చాలా సెట్లలో మొదటిదే ఉంటుంది. సగటు హద్దుకు లెక్క తేలికే. 200 వాట్లు, 8 ఓమ్‌ల స్పీకరుకు 40 ఓల్టులు. కానీ ఎన్ని సెకన్ల సగటు చూడాలి? కాయిల్ సెకన్లలో వేడెక్కుతుంది, మాగ్నెట్ చాలా నిమిషాలు తీసుకుంటుంది. ఒకే అంకె రెంటికీ సరిపడదు.

ఇవి తేలకపోయినా, ఎంత మోత పెట్టవచ్చన్న విషయంలో చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర లౌడ్ స్పీకరు మోత అక్కడి మామూలు శబ్ద ప్రమాణానికి 10 డెసిబెల్స్ మించకూడదు, లేదా 75 డెసిబెల్స్ దాటకూడదు; రెంటిలో ఏది తక్కువైతే అది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట వాడకూడదు, పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పరిమిత సడలింపు తప్ప. ఈ హద్దుల్లో నడిచే సెట్టులో కాయిల్ కాలే పరిస్థితే అరుదు.

తీర్పు

ఆంప్లిఫైరు చిన్నదా పెద్దదా అన్న ప్రశ్న సగం తప్పు. కాలిందా చిరిగిందా అన్నది ముందు అడగాలి. కాలితే సగటు తగ్గించాలి: మిక్సర్ నుంచి చివరిదాకా క్లిప్ లేకుండా చూడాలి, పాట దట్టమైతే నాబ్ దించాలి, నడుమ విరామం ఇవ్వాలి. చిరిగితే ఊపు తగ్గించాలి: బాక్సు మోయలేని కింది స్థాయిలను కోసేయాలి, పిన్నులు తీసేముందు మోత సున్నా చేయాలి. రెండూ కాకపోతే ప్రయాణం, తేమ, డీసీల వైపు చూడాలి.

మైకు సెట్ల యజమానులకు చెప్పదగిన మాట ఒక్కటే. పోయిన కాయిల్‌ను రీకోన్ షాపులోనే పారేసి రావద్దు, అడిగి తెచ్చుకుని వెలుగులో చూడండి. కారణం తెలియకుండా వేసిన కొత్త కాయిల్ పాతది పోయిన దారినే పోతుంది.